మూతి చూపని మనిషి

రైషా తడిసిన మేకతోలును సొరబుర్ర చిప్ప మీద పరిచి అంచులు లాగి కడుతుండగా కెనాన్ బండి వాగులోంచి ఎక్కి వస్తున్న చప్పుడు వినిపించింది. తోలు తడి ఆరేలోగా బిగించాలి. చేయి ఆగితే ముడత పడుతుంది. ముడత పడిన తోలు మీద ఇమ్జాద్ వాయిద్యం పలకదు, మూలుగుతుంది. ఈ సంగతి చెల్లెలు అమినాతాకు వెయ్యిసార్లు చెప్పిన మనిషి ఇప్పుడు తానే చేయి ఆపి, గుడారం అంచు ఎత్తి బయటికి చూసింది.

చూడకుండా ఉంటే బాగుండేది.

కెనాన్ ఆ అక్కాచెల్లెళ్ళకు మేనమామ కొడుకు. తమన్‌రాసెత్ పట్నం నుంచి గ్యాసు బండలూ, రవ్వ బస్తాలూ, చక్కెరా, టీ ఆకూ వేసుకుని ఈ కొండల్లోకి వస్తాడు. సరుకు దింపాక చేతులు కడుక్కుని, తలపాగా సర్దుకుని, రైషా గుడారం ముందుకు వచ్చి, ఒక గుర్రపుతోక వెంట్రుకల కుచ్చును చాప అంచున పెడతాడు. దాని గురించి ఒక్క మాట అనడు. ఇమ్జాద్‌కు ఉన్నది ఒకే తీగ, అదీ గుర్రపు వెంట్రుకలదే. ఈ కొండల్లో ఇప్పుడు గుర్రాలెక్కడివి? అతను ఎక్కడ సంపాదిస్తాడో చెప్పడు, ఆమె అడగదు. ఆమె వాయిస్తుంది, అతను వింటాడు, మూడు దఫాలు టీ తాగి వెళ్ళిపోతాడు. నాలుగు చలికాలాలుగా ఇదే వరస. ఏదో ఒక సాయంత్రం అతను ఆమె అరచేయి అందుకుని, అందులో వేలితో గుండ్రంగా గీసి మనసు అడుగుతాడని ఆమె నమ్మకం. రైషా అమ్మను నాన్న అలాగే అడిగాడు. తొందర దేనికి? తొందరపడి చేసుకున్న మొదటి మొగుణ్ణి రైషా ఇదివరకే వదిలేసి వచ్చింది.

ఆ రోజు కెనాన్ గుడారం దాకా రాలేదు. బండి దిగనుకూడా లేదు. అమినాతా చెప్పుల్లేకుండా పరుగెత్తుకుంటూ వెళ్ళింది. అతను కిటికీలోంచి వెంట్రుకల కుచ్చు ఆమె చేతిలో పడేశాడు. ఆ పిల్ల ఫోను కిటికీలో పెట్టి ఏదో చూపించింది. ఇద్దరి తలలూ దాని మీదికి వంగాయి. నవ్వుకున్నారు. బండి వెనక్కి తిరిగి, దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయింది.

రైషా తోలు వైపు తిరిగేసరికి అది ముడత పడింది.

"అక్కా, బావ నీకిమ్మన్నాడు," అంటూ అమినాతా రొప్పుతూ వచ్చి కుచ్చును ఆమె ఒళ్ళో పెట్టింది.

"ఏం, బావకి కాళ్ళు పడిపోయాయా?"

"పక్క ఊళ్ళో కూడా సరుకు దింపాలట. ఎల్లుండి కూటానికి వస్తాడులే. నేను వాయిస్తున్నానని చెప్పా. వినడానికే వస్తానన్నాడు."

ఎల్లుండి సాయంత్రం కూటం. వానలు పడ్డాయి, గడ్డి మొలిచింది, మేకలు పాలిస్తున్నాయి. చుట్టుపక్కల గుడారాల వాళ్ళంతా వాగు ఒడ్డున చేరతారు. అమినాతా నలుగురి ముందూ మొదటిసారి వాయించబోతోంది. చెల్లెలి కోసమే రైషా ఈ కొత్త ఇమ్జాద్ చేస్తోంది. "నేను వాయిస్తున్నానని చెప్పా" అన్న మాట మాత్రం ఆమె గొంతులో ముల్లులా దిగింది.

"నీళ్ళు పట్టుకురా. తోలు మళ్ళీ నానబెట్టాలి," అంది.

పిల్ల బిందె తీసుకుని వెళ్ళింది. ఫోను చాప మీదే ఉండిపోయింది. కాసేపటికి అది బుర్రుమని వెలిగింది. రైషా పక్కకు చూసింది.

అద్దం నిండా కెనాన్ బొమ్మ. తలపాగా ముసుగు గడ్డం కిందికి జారి ఉంది. మూతి కనిపిస్తోంది.

ఆ కొండల్లో మగవాడు పరాయివాళ్ళ ముందు మూతి చూపించడు. ఆడవాళ్ళ ముందు అసలే చూపించడు. టీ తాగాలన్నా గ్లాసును ముసుగు కిందినుంచి లోపలికి తీసుకెళ్ళి తాగుతాడు, ఎదురుగా ఉన్న ఆడది మర్యాదగా మొహం తిప్పుకుంటుంది. నాలుగేళ్ళుగా ఎన్ని గ్లాసులకు ఆమె మొహం తిప్పుకుందో! తిప్పుకున్న ప్రతిసారీ, ముసుగు వెనక ఆ మూతి ఎలా ఉంటుందోనని ఊహించుకుని, సిగ్గుపడి, మళ్ళీ కమాను అందుకునేది. ఇదిగో, ఇప్పుడు తెలిసింది. పలచటి మీసం. ముందుపన్ను కొంచెం విరిగింది. ముసుగు గుడ్డ నీలిరంగు కింది పెదవికి అంటుకుంది.

అద్దం ఆరిపోయింది. రైషా వేలితో పొడిచింది, మళ్ళీ వెలిగింది. ఇంకోసారి ఆరింది, ఇంకోసారి పొడిచింది.

నేను నాలుగేళ్ళు చూడనిది నిన్నగాక మొన్న పుట్టిన పిల్లకు అరచేతిలోకి వచ్చింది, అనుకుంది. ఒళ్ళంతా కుతకుతలాడింది. కానీ ఆ మంట మొహంలో కనపడకూడదు. వాళ్ళలో దొంగతనం చేసినవాణ్ణయినా కొన్నాళ్ళకు మరిచిపోతారు గానీ కుళ్ళుకున్నవాళ్ళను వదలరు, పేరు పెట్టి పాట కడతారు. అలాంటి పాటలకు ఎన్నిసార్లో ఇమ్జాద్ వాయించింది రైషాయే.

*

మర్నాడు పొద్దున్నే తెబెల్లా వచ్చింది. కమ్మరి వాళ్ళ ఆడది, నోటికి అడ్డూ ఆపూ లేని మనిషి. కూటానికి పెట్టుకునే వెండి గాజులు తోమి తెచ్చింది. వచ్చీరాగానే చాప మీద చతికిలబడింది.

"ఏమే రైషా, మొహం అలా పెట్టావు? మేక తప్పిపోయిందా, మనిషి తప్పిపోయాడా?"

"తోలు పాడైంది. మళ్ళీ కట్టాల్సి వచ్చింది."

"నీది తోలేగా. నాకు బతుకే పాడైంది. అదుగో చూడు," అని కొండ మీది సెల్ టవర్ వైపు గడ్డం ఎత్తింది. "ఆ ఇనపముండ వచ్చి నిలబడ్డ దగ్గర్నుంచీ నన్ను పలకరించే దిక్కు లేదు. అబ్బాయి మాట అమ్మాయి చెవిన వెయ్యాలన్నా, అమ్మాయి అలిగిందని అబ్బాయికి చెప్పాలన్నా తెబెల్లాయే కావాల్సొచ్చేది. టీ పోసేవాళ్ళు, మాంసం పెట్టేవాళ్ళు, కాళ్ళావేళ్ళా పడేవాళ్ళు. ఇప్పుడో? వేలితో పొడుస్తారు. పొద్దున వలపు, మధ్యాన్నం కీచులాట, పొద్దుగూకేసరికి ఇంకోడు."

"నువ్వు మోసిన మాటలన్నీ నిజాలేనా ఏమిటి?"

"ఛీ, సగం అబద్ధాలే. కానీ ఎంత ముద్దొచ్చేలా చెప్పేదాన్నే! మీ అమ్మ మీ నాన్నను తిట్టి పంపిస్తే, పూలు కట్టి పంపినట్టు చెప్పాను. కాబట్టే మీరు పుట్టారు."

రైషాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి తెబెల్లా దగ్గరికి జరిగింది.

"మీ చెల్లెలు గుట్ట మీద కూర్చుని ఎవడితోనే అంతలా ఇకిలిస్తోంది?"

"నాకేం తెలుసు?"

"తెలియకపోతే ఆ తోలుదారం ఎందుకలా నలుపుతున్నావు? తెగేలా ఉంది."

రైషా చేతులు ఆగాయి.

"నాకేదో పాట తగిలేటట్టుందే," అంది తెబెల్లా కళ్ళు చిన్నవి చేసి.

"పోవే, పొద్దున్నే నీ పాటలూ నువ్వూను. టీ తాగి దయచెయ్."

తెబెల్లా టీ తాగింది గానీ వెంటనే దయచెయ్యలేదు. ఎండ ఎక్కేదాకా ఊరి కబుర్లన్నీ చెప్పి వెళ్ళింది.

అప్పుడు రైషా తీగ పని పెట్టుకుంది. కొత్త కుచ్చు విప్పి, మొదళ్ళు ఒకవైపు, కొసలు ఒకవైపు వచ్చేలా వెంట్రుకలు సర్దింది. ఎముక దువ్వెనతో దువ్వింది. పొట్టివీ, గరుకువీ ఏరి పారేసింది. ఆ తరవాత లేచి, గుడారం వెనక వేలాడుతున్న పాత బుట్ట దించింది. అందులో కిందటేడు మిగిలిన వెంట్రుకలున్నాయి. ఏడాదంతా పొయ్యి పొగ తగిలి ఎండిపోయినవి. వేళ్ళ మధ్య వంచితే పుటుక్కుమంటాయి.

వాటిని లోపల పెట్టింది. పైన కొత్త వెంట్రుకలు నాలుగు వైపులా పరిచింది. రెండు కొసలా తోలుదారంతో కట్టింది. ఎంత పొందిగ్గా కట్టిందంటే, చూసినవాళ్ళెవరూ వంక పెట్టలేరు. చేతికి పని వచ్చినందుకు మొదటిసారి ఆమెకు తన మీద తనకే రోత పుట్టింది. అయినా ఆగలేదు. కొంచెం నెయ్యి రాసి, గుగ్గిలం రుద్ది, కొత్త ఇమ్జాద్‌కు బిగించింది.

ఎందుకు చేస్తోందో ఆమెకు బాగా తెలుసు. తనకు తాను ఏ సాకూ చెప్పుకోలేదు. రేపు నలుగురి ముందూ ఆ పిల్ల చేతిలో తీగ తెగాలి. కెనాన్ చూడాలి. విరిగిన పన్నుతో ఇకిలించే ఆ మూతి కాస్త వంకర పోవాలి.

"అబ్బ! ఎంత బాగుందక్కా!" అంది అమినాతా, సాయంత్రం దాన్ని చేతుల్లోకి తీసుకుని. సొరబుర్ర దగ్గర మొహం పెట్టి వాసన చూసింది. ఒక్క క్షణం అక్క వంక చూసింది. ఆ తరవాత దాన్ని గుడ్డలో చుట్టి, పక్కన పెట్టుకుని పడుకుంది.

*

కూటం రోజు మధ్యాహ్నం దాటాక రైషా కళ్ళకు కాటుక పెట్టుకుని, చెల్లెలిని పిలవడానికి గుడారం వెనక్కి వెళ్ళింది. అమినాతా బండరాయికి ఆనుకుని కూర్చుని ఉంది. ఫోను చేయి చాచి పట్టుకుంది. అందులో కెనాన్ కదులుతున్నాడు. వీడియో కాల్. బండి నీడన కూర్చుని ఖర్జూరాలు తింటున్నాడు. ముసుగు మెడ చుట్టూ వేలాడుతోంది. మూతి బార్లా తెరిచి, గింజ ఉమ్మి, "నువ్వు వాయిస్తే ఒంటెలు పారిపోతాయేమో పిల్లా!" అంటున్నాడు.

"ఒంటెలు కాదు, ముందు నువ్వు పారిపోతావు బావా!"

రైషాకు వెనక్కి వెళ్ళిపోవాలనిపించింది. కాళ్ళు మాత్రం ముందుకే నడిచాయి. ఆమె నీడ చెల్లెలి భుజం మీద పడింది. ఆ చిన్న అద్దంలో అమినాతా మొహం వెనక ఆమె మొహం కూడా కనిపించింది.

కెనాన్ నవ్వు ఆగిపోయింది. చేతిలో ఖర్జూరం కింద పడింది. కుడిచెయ్యి మెడ దగ్గరికి పోయి ముసుగును పట్టుకుని, ఒక్క లాగు లాగి, గడ్డమూ మూతీ ముక్కూ దాటించి కళ్ళ కింద బిగించింది. అదంతా రెప్పపాటులో జరిగింది. ఆ తరవాత గొంతు సవరించుకుని, పెద్దమనుషుల దగ్గర మాట్లాడే గొంతుతో అందుకున్నాడు.

"రైషా, బాగున్నావా? ఒంట్లో బాగుందా? మేకలు బాగున్నాయా? గుడారం బాగుందా? వానలు బాగా పడ్డాయా?"

"అంతా బాగే," అంది రైషా. గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

"నేను వస్తున్నా. అదే... కూటానికి. సరే మరి." ఫోను ఆగిపోయింది.

అమినాతా కదల్లేదు. నల్లబడ్డ అద్దం వైపే చూస్తూ అంది. "చూశావుగా."

"ఏమిటి?"

"తెలియనట్టు అడగకు. రోజూ ఇదే. నా ముందు తింటాడు, తుమ్ముతాడు, పళ్ళు కుట్టుకుంటాడు. మేక ముందు కూర్చున్నట్టు కూర్చుంటాడు. నీ పేరెత్తితే చాలు, చెయ్యి ముసుగు మీదికి పోతుంది. ఇవాళ నీ నీడ పడితేనే కప్పుకున్నాడు." ఫోనును ఒళ్ళో బోర్లించింది. "నాకోసం ఎవరైనా ఎప్పుడైనా అలా సిగ్గుపడ్డారా? బొమ్మలు పంపిస్తారు, నవ్వులు పంపిస్తారు, పాటలు పంపిస్తారు. చాప అంచున ఏదో పెట్టి, మాటాడకుండా కూర్చున్నవాడు ఒక్కడు లేడు. నిన్ను చూస్తే ఎంత కుళ్ళొస్తుందో తెలుసా నాకు?"

చెల్లెలు అంత మాట పైకి అనగలిగినందుకు రైషా నివ్వెరపోయింది. తాను రెండు రోజులుగా పళ్ళు బిగబట్టి మింగుతున్న మాట అది.

"అమ్మీ, ఆ ఇమ్జాద్..." అని మొదలుపెట్టింది.

అమినాతా అప్పటికే లేచి, గుడ్డలో చుట్టిన ఇమ్జాద్ చంకన పెట్టుకుని, వాగు వైపు నడిచింది.

*

వాగు ఒడ్డున ఆడవాళ్ళు చాపల మీద కూర్చున్నారు. మగవాళ్ళు ఎదురుగా, కొంచెం ఎడంగా, తలపాగాలు నున్నగా చుట్టుకుని కూర్చున్నారు. కుర్రకారు చేతుల్లో ఫోనులు మిలమిలలాడుతున్నాయి. కెనాన్ చివరి వరసలో కూర్చున్నాడు. కళ్ళు తప్ప ఏమీ కనిపించడం లేదు.

అమినాతా మధ్యలోకి వెళ్ళి, మోకాలు మడిచి, ఇమ్జాద్ ఒళ్ళో పెట్టుకుంది. కమాను ఎత్తింది. ఎడమచేతి బొటనవేలు ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. రైషా చిన్నప్పుడు ఆ వేలును పట్టుకుని వంచి చూపించిన చోటే ఉంది.

రైషా ఇక కూర్చోలేకపోయింది. లేచి, అందరి ముందూ నడిచి వెళ్ళి, తన ఇమ్జాద్‌ను చెల్లెలి ఒళ్ళో పెట్టి, కొత్తదాన్ని లాక్కుంది. అమ్మ దగ్గర్నుంచి వచ్చిన ఆ పాత వాయిద్యాన్ని ఆమె ఎన్నడూ మరొకరి చేత ముట్టనివ్వలేదు. ఆడవాళ్ళు ముక్కు మీద వేలేసుకున్నారు. అమినాతా మొహం ఎర్రగా కందింది.

"దీంతో వాయించు," అంది రైషా నెమ్మదిగా.

ఆ పిల్ల వాయించింది. మొదట్లో తడబడింది. ఒకచోట శ్రుతి జారింది. తరవాత తరవాత కుదురుకుంది. కుర్రాళ్ళు ఒకరొకరే ఫోనులు ఒళ్ళో పెట్టేశారు. ముగిసేసరికి ఆడవాళ్ళు మెచ్చుకోలుగా నాలుకలు ఆడిస్తూ కేకలు పెట్టారు.

"ఇప్పుడు అక్క! రైషా వాయించాలి!" అని అరిచారు.

తప్పించుకునే దారి లేదు. ఇచ్చిన వాయిద్యాన్ని నలుగురి ముందూ వెనక్కి అడగడం ఎలా? రైషా కొత్త ఇమ్జాద్ ఒళ్ళోకి తీసుకుని కమాను ఆనించింది. రెండు లాగులు బాగానే పలికింది. మూడో లాగుకు లోపలి వెంట్రుకలు పుటపుటమన్నాయి. తీగ చీలిపోయి, ముక్కలు ఇసుకలో పడ్డాయి.

ఎవరో కిసుక్కున నవ్వారు. తెబెల్లా ఊరుకుంటుందా? చప్పట్లు కొడుతూ అందుకుంది.

"రైషా కట్టిన తీగ తెగిందట,
ఏ మంట సెగకు ఎండిందో!"

కూటమంతా గొల్లుమంది. రైషా తల దించుకుంది. ఏడుపు రాలేదు. ఇది తనకు రావలసిందే, వచ్చింది.

నవ్వులు సద్దుమణిగాక ఎవరో వచ్చి ఆమె ముందు గొంతుక్కూర్చున్నారు. కెనాన్. ఇసుకలో పడ్డ వెంట్రుకలు ఒక్కొక్కటే ఏరాడు. వేళ్ళ మధ్య వంచి చూశాడు. ఏ ఏడాది తెచ్చినవో అతనికి తెలియకుండా ఎలా ఉంటుంది? వాటిని దువ్వినట్టు సర్ది, ఎప్పటిలాగే ఆమె చాప అంచున పెట్టాడు. ఒక్క మాట అనకుండా తన చోటికి వెళ్ళిపోయాడు.

*

మర్నాడు పొద్దున అక్కాచెల్లెళ్ళు కొత్త తీగ కట్టడానికి కూర్చున్నారు. ఒక కొస అమినాతా పట్టుకుంది, ఇంకో కొస రైషా.

"అందులో పాతవి కలిపావని నాకు ముందే తెలుసు," అంది అమినాతా, తల ఎత్తకుండా.

రైషా చేయి ఆగింది.

"ఇన్నేళ్ళూ నీ పక్కన కూర్చుని ఏం చేశాననుకున్నావు? మొదటిరోజే పొగవాసన వచ్చింది."

"మరి ఎందుకు తీసుకెళ్ళావే?"

"తెగాలనే. నేను నేర్చుకునే పిల్లని, నన్నెవరేమంటారు? కట్టింది నువ్వు. పరువు పోయేది నీది. నువ్వు ఏం చేశావో బావ చూడాలనుకున్నా." వెంట్రుకల కొసను వేలికి చుట్టుకుంది. "తీరా నువ్వొచ్చి అమ్మ ఇమ్జాద్ నా ఒళ్ళో పెట్టావు. ఎంత మండిందో! అక్కడే నీ జుట్టు పట్టుకుందామనిపించింది."

రైషా చెల్లెలి మొహం చూసింది. చీవాట్లు పెట్టాలో, దగ్గరికి తీసుకోవాలో తోచలేదు. "ఇద్దరం ఒక తల్లికే పుట్టాం," అంది చివరికి. అమినాతా నవ్వబోయి ఆగిపోయింది.

ఫోను బుర్రుమంది. అమినాతా చూసింది, నొక్కింది, చేయి చాచి అక్క వైపు పెట్టింది.

"బావ. నీతో మాట్లాడాలట. నా ఫోనే దొరికింది మరి."

రైషాకు దాన్ని ఎలా పట్టుకోవాలో తెలియలేదు. రెండు చేతులతో, నిండు గ్లాసు పట్టుకున్నట్టు పట్టుకుంది. అద్దంలో కెనాన్ బండి పక్కన బిగుసుకుని కూర్చున్నాడు. ముసుగు కళ్ళ దాకా ఎక్కి ఉంది.

"చూడు, ఎలా చుట్టాడో. ఇంకాస్త అయితే కళ్ళు కూడా మూసేసేవాడు," అని పక్కనుంచి అమినాతా గొణిగింది.

"రైషా, బాగున్నావా? మేకలు బాగున్నాయా?" అన్నాడు కెనాన్. ఆ తరవాత ముసుగు ఇంకోసారి సర్దుకున్నాడు. "ఈసారి సరుకు దింపాక... టీకి వస్తాను. చేతులు కడుక్కుని వస్తాను."

"రా," అంది రైషా.

అతని పక్కన టీ గ్లాసు పొగలు కక్కుతోంది. అతను దాన్ని తీసుకున్నాడు, తాగకుండా పట్టుకుని కూర్చున్నాడు. రైషాకు అర్థమైంది. అతను తాగడానికి వీలుగా ఫోను మీదినుంచి మర్యాదగా మొహం పక్కకు తిప్పుకుంది.

తిప్పుకున్న వైపు అమినాతా ఉంది. ఫోనులో ఆ మనిషినీ, మొహం తిప్పుకున్న అక్కనూ చూస్తోంది. రెప్ప వెయ్యడం లేదు. ఆ చూపు రైషాకు కొత్త కాదు. మొన్నటిదాకా అది తన కళ్ళలోనే ఉంది.

టీ తాగిన చప్పుడు ఆగింది. "ఉంటా మరి," అన్నాడు కెనాన్. అద్దం నల్లబడింది. రైషా ఫోనును చెల్లెలికి ఇచ్చేసి, చాప మీద కొంచెం జరిగి ఆమె దగ్గరగా కూర్చుంది. జారిపోతున్న వెంట్రుకల కొసను ఆమె వేళ్ళలో మళ్ళీ పెట్టింది.

"గట్టిగా పట్టుకో. ఇది నీది," అంది.

అమినాతా ఫోను పక్కన పెట్టి, కొసను రెండు చేతులా పట్టుకుని లాగింది. కావలసినదానికంటే కొంచెం గట్టిగానే లాగింది. తీగ తెగలేదు.